వదిలేసిన పనికి బొట్టు పెట్టేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

కత్తెర మాస్టారు (విజయనగరం)

అందరికీ నమస్కారం. మొన్న దసరాకి ఇంట్లో ఒక చిన్న మాట వచ్చింది. అది మనసులోంచి పోవడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆయుధ పూజ రోజు బండికి, కత్తిపీటకి బొట్లు పెట్టాక నేను వెనక గదిలోకి వెళ్ళి, కుట్టు మిషను మీద దుప్పటి తీసి తుడిచి, దానికీ పసుపు రాసి కుంకుమ పెట్టాను. మా అబ్బాయి చూసి, "నాన్నా, మీరిప్పుడు టీచరు కదా, సుద్దముక్కకి పెట్టాలి గానీ" అన్నాడు. ఎగతాళిగా అనలేదు, మామూలుగానే అన్నాడు. మా ఆవిడ మాత్రం, "రెండేళ్ళుగా తొక్కింది లేదు, గది ఇరుకైపోతోంది, ఎవరికైనా ఇచ్చేద్దాం" అంది. నాకు వెంటనే జవాబు రాలేదు.

నా సంగతి చెప్తాను. 1998 డీఎస్సీ రాసినవాళ్ళలో నేనొకడిని. క్వాలిఫై అయ్యాను గానీ పోస్టింగు రాలేదు. ఆ గొడవ ఏళ్ళ తరబడి కోర్టుల్లోనూ కాగితాల్లోనూ నడిచిందని మీకు తెలిసే ఉంటుంది. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. మా మేనమామకి గంటస్తంభం దగ్గర సందులో టైలరు షాపు ఉండేది. ఆయన దగ్గర కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి, తర్వాత షాపు నేనే నడిపాను. 2023లో మాకు మినిమం టైం స్కేలు మీద, అంటే ఆ ఉద్యోగానికి ఉండే కనీస స్కేలు జీతంతో, పోస్టింగులిచ్చారు. అప్పటికి నాకు యాభై దాటాయి. ఇప్పుడు ఒక పల్లెటూరి బడిలో సెకండరీ గ్రేడు టీచర్ని.

అందరూ నాతో "పాతికేళ్ళు వృథా అయిపోయాయి పాపం" అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. బడిలో చేరిన మొదటి నెలలో నాలుగో తరగతిలో భిన్నాలు చెప్తున్నాను. పావు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అంటే క్లాసు క్లాసంతా ఎనిమిదో వంతే అన్నారు. నాలుగు కంటే ఎనిమిది పెద్ద అంకె కదా మరి. బోర్డు మీద ఎన్నిసార్లు గీసినా బుర్రకెక్కలేదు. మర్నాడు ఇంట్లో ఉన్న పాత లైనింగు గుడ్డ, కత్తెర, టేపు పట్టుకెళ్ళాను. పదహారు అంగుళాల పట్టీ కోసి, మధ్యకి మడిచి కత్తిరించాను, అర. దాన్ని మడిచి కత్తిరించాను, పావు. మళ్ళీ మడిచాను. "ఇప్పుడు ఎన్ని ముక్కలు? ఒక్కో ముక్క ఎంత?" అని అడిగాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక గుంటడు చివరి బెంచీలోంచి లేచి, "మాస్టారూ, ముక్కలు ఎక్కువైతే ముక్క చిన్నదైపోద్ది" అన్నాడు. ఆ మాట కోసం నేను రెండు రోజులుగా బోర్డు అరగదీస్తున్నాను.

పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే కిట్లలో యూనిఫాం గుడ్డ వస్తుంది, కుట్టించుకోవాలి. జూన్‌లో లూజుగా కుట్టించినది సంక్రాంతికల్లా బిగుతైపోతుంది. ఏ పిల్లవాడి నిక్కరు మడతలో ఇంకా అంగుళం గుడ్డ ఉందో చూస్తే తెలిసిపోతుంది నాకు. ఇంటర్వెల్లో మడత విప్పి చేతికుట్టు వేసేస్తాను. ఎవరి చొక్కాకి రోజూ అదే గుండీ ఊడుతోందో, ఆ గుంటడు వీధిలో కొట్టుకుంటున్నాడని కూడా గుండీ దగ్గర చిరుగు చూస్తే తెలుస్తుంది.

ఇంకొకటుంది. ఒకసారి పెళ్ళివారి పట్టు జాకెట్టు తప్పు కత్తిరించాను. సిరిమానోత్సవం ముందు రోజులు, షాపు నిండా గుడ్డలే, రాత్రి రెండింటి దాకా మిషను ఆగేది కాదు. చెయ్యి జరిగింది. ఏదో చెప్పి తప్పించుకోవచ్చు. మా మామయ్య, "నేనే పాడు చేశాను తల్లీ అని ముందు చెప్పు, తర్వాత గుడ్డ కొనివ్వు" అన్నాడు. చెప్పాను, కొనిచ్చాను. ఈరోజు బోర్డు మీద లెక్క తప్పు చేస్తే పిల్లల ముందు "తప్పు నాదే" అనేస్తాను. వాళ్ళు కూడా తప్పు చేసినప్పుడు పలక దాచడం మానేశారు.

అందుకే అడుగుతున్నాను. మీలో పని మారినవాళ్ళు పాత పనిని ఎలా తలుచుకుంటారు?

---

ఉద్దానం అప్ప (పలాస వైపు)

మాస్టారూ, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. నాకు పూజ చెయ్యడానికి మిషను లాంటిది ఏమీ మిగల్లేదు, నా పాత పని చేతి మీద మచ్చల్లో మాత్రం ఉంది.

ఇంటర్ ఆగిపోయాక జీడిపప్పు షెడ్డులో చేరాను. మొదట గింజ కొట్టేదాన్ని. గింజని ఆవిరి పట్టి ఆరబెట్టి కొడతారు. పెంకులోంచి జీడి నూనె చిమ్ముతుంది, తగిలితే చర్మం కాలిపోతుంది. ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని కూర్చునేవాళ్ళం. తర్వాత పొట్టు తీయడం, ఆఖరికి గ్రేడింగు బల్ల. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. గుండులో మళ్ళీ 180, 210, 240, 320. ఆ అంకె అంటే పౌండు తూకానికి ఎన్ని గుండ్లు తూగుతాయో అది. 320 కంటే 180 పప్పు లావు. మొదట్లో నాకు కూడా మీ పిల్లల్లాగే తలకిందులుగా ఉండేది! కొన్నాళ్ళకి చెయ్యి వేస్తే చాలు, వేళ్ళకే తెలిసిపోయేది.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ వచ్చింది. ఆ రాత్రి నేను జన్మలో మర్చిపోను. తెల్లారి చూస్తే కొబ్బరి, జీడి తోటలన్నీ నేలమీద ఉన్నాయి. మా షెడ్డు పైకప్పు లేదు. పని లేక నెలల తరబడి ఇంట్లో కూర్చున్నాను. అలా ఆశా కార్యకర్తగా వచ్చాను.

మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలుసు. షుగరు, బీపీ లేనివాళ్ళకీ వస్తుంది, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కిడ్నీ ఎలా ఉందో చూసే క్రియాటినిన్ రక్త పరీక్షకి రమ్మంటే రారు. "చూపిస్తే ఉందంటారు, ఉందంటే ఇంట్లో అందరికీ టెన్షన్" అంటారు. 2023 డిసెంబరులో పలాసలో పెద్దాసుపత్రి వచ్చాక దూరం తగ్గింది గానీ భయం తగ్గలేదు.

షెడ్డులో బల్ల చుట్టూ పన్నెండు మంది ఆడవాళ్ళం పొద్దున్నించి సాయంత్రం దాకా పప్పు ఏరుతూ మాట్లాడుకునేవాళ్ళం. కాళ్ళు వాస్తున్నాయని, అన్నం సయించడం లేదని మొగుడికి చెప్పరు, డాక్టరుకి చెప్పరు, ఆ బల్ల దగ్గర చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు నేను ఏ ఇంటికెళ్ళినా ముందు ఫైలు తీయను. చేటలో బియ్యమో చింతపండో ఉంటే నేనూ కూర్చుని ఏరతాను. పావుగంట అయ్యాక వాళ్ళే చెప్తారు, "అప్పా, రెండు నెలల్నించి మొహం ఉబ్బుతోంది" అని. ఈ పద్ధతి నాకు ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు. ఆ బల్లకి నేను రుణపడి ఉన్నాను.

---

మూడో షిఫ్టు (విజయనగరం జిల్లా)

అందరూ మంచి మాటలు చెప్తున్నారు. నేను వేరేగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు.

నేను ఒక జూట్ మిల్లులో పదిహేడేళ్ళు చేశాను. పేరు అనవసరం. మగ్గాల షెడ్డు. లోపలికి అడుగు పెడితే పక్కవాడి మాట వినబడదు, సైగలే. గోగునార ధూళి ముక్కులోంచి గొంతులోకి, నార మెత్తబడ్డానికి పట్టే నూనె వాసన బట్టల్లోకి. మా అమ్మాయి చిన్నప్పుడు ఆ వాసన పోయేదాకా నా దగ్గరికి వచ్చేది కాదు. ఒకరోజు పొద్దున డ్యూటీకి వెళ్తే గేటుకి తాళం, పక్కన నోటీసు. మళ్ళీ తెరుస్తారన్నారు, తెరిచారు, మళ్ళీ మూశారు. రావాల్సినవి సరిగ్గా రాలేదు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాను. ఎడమ చెవి దాదాపు పోయింది, వెనక కూర్చున్నవాళ్ళు రెండుసార్లు చెప్పాలి.

మాస్టారికి మిషను సొంతం, షాపు సొంతం. బొట్టు పెట్టుకోవచ్చు. నేను దేనికి పెట్టాలి? గేటు తాళానికా?

---

కత్తెర మాస్టారు

మీరు రాసింది నాలుగుసార్లు చదివానండి. మీ మాటలో అబద్ధం ఏమీ లేదు. నా కష్టాన్నీ మీ కష్టాన్నీ ఒక్క గాటన కట్టను. నేను అడిగినదాంట్లోనే లోపం ఉంది, పని వదిలేసినవాళ్ళ గురించి అడిగాను గానీ, పని తమని వదిలేసినవాళ్ళ గురించి ఆలోచించలేదు. క్షమించండి.

---

పొందూరు నూలు

మాస్టారు క్షమాపణ చెప్పక్కర్లేదు, మూడో షిఫ్టు గారు చెప్పిందీ తప్పు కాదు. నాకైతే రెండూ ఉన్నాయి.

నేను ఒక బ్యాంకులో క్లర్కుని. డిగ్రీ అయ్యేవరకు, తర్వాత కోచింగ్‌కి డబ్బు కూడేవరకు నాన్నతో పాటు మగ్గం మీద కూర్చున్నాను. అమ్మ ఇప్పటికీ వడుకుతుంది, ఒక్క కదురు రాట్నం మీద. మా దగ్గర పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని మీరు వినే ఉంటారు. ఆ దవడ ఎముక అరచేతి కంటే చిన్నదిగా ఉంటుంది, సన్నటి పళ్ళు వరసగా గరుగ్గా ఉంటాయి. గింజ వదలని పత్తిని ఎడమ చేత్తో పట్టుకుని దవడతో దువ్వుతుంటే నలుసులన్నీ రాలిపోయి పోగులు ఒక్క వైపుకి పడుకుంటాయి. దవడ అరిగిపోతే అమ్మ పారెయ్యదు, దేవుడి గూట్లో పెడుతుంది. చిన్నప్పుడు నాకది వింతగా ఉండేది. నూరో నెంబరు నూలు, అంటే బాగా సన్నటి నూలు, దాంతోనే మొదలవుతుంది మరి.

ఆ నూలు మగ్గం మీద తెగితే కోపంతో లాగకూడదు. లాగితే పక్కవి నాలుగు తెగుతాయి. ఆగి, తెగిన కొస వెతికి, రెండు వేళ్ళ మధ్య పేనాలి. పింఛన్ల రోజుల్లో నా కౌంటరు ముందు ముసలివాళ్ళు వరస కడతారు. వేలిముద్ర పడదు, పాస్‌బుక్కు ఇంట్లో మర్చిపోతారు, వెనకవాళ్ళు అరుస్తుంటారు. అప్పుడు నా చేతులు వాటంతట అవే నెమ్మదిస్తాయి. మా మేనేజరు "నీకు ఓపిక ఎక్కువయ్యా" అంటారు. అది మా నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నది.

కానీ ఆ పనితో మా నాన్న ఇల్లు గడపలేకపోయాడు. నేను మగ్గం దిగిన రోజు ఆయన ఒక్క మాట అనలేదు, సాయంత్రం అన్నం తినలేదు. ఆ రోజు తలుచుకుంటే కృతజ్ఞత, బాధ విడివిడిగా రావు నాకు.

---

పైలట్ బాబు (పాలకొండ)

డ్యూటీలో ఉన్నాను, చిన్నగా రాస్తాను. 108 నడుపుతాను. మమ్మల్ని పైలట్ అంటారు. దానికి ముందు లారీ. తణుకు నుంచి ఒడిశా, బెంగాల్ వైపు గుడ్ల లోడు తోలేవాణ్ణి. గుడ్ల బండికి సడన్ బ్రేకు వేస్తే లోడు పోతుంది. గొయ్యి కనబడకముందే కాలు తేలిక చేయాలి, మలుపుకి ముందే గేరు దింపాలి. ఎనిమిదేళ్ళు అదే.

మొన్న సీతంపేట ఘాట్ నుంచి నొప్పులు పడుతున్న అమ్మాయిని దించుతుంటే వెనక నుంచి మా టెక్నీషియన్, "బాబూ, ఇలాగే, ఇలాగే పోనీ" అంటూనే ఉన్నాడు. కొండ దిగేసరికి ఏడుపు వినిపించింది, ఆడపిల్ల. నాకు ఆ క్షణం గుర్తొచ్చింది మా పాత లారీ ఓనరు. ఒక్క గుడ్డు పగిలినా తిట్టేవాడు. ఆయనకి ఫోన్ చేసి చెప్పాను.

---

సగం దారిలో

నేను హైదరాబాద్‌లో హోటల్లో వంట చేస్తాను, మాది టెక్కలి. ఊరొచ్చి చేపల చెరువు పని చూసుకుందామని ఉంది. పన్నెండేళ్ళు నేర్చుకున్నది వదిలేస్తే ద్రోహం చేసినట్టు ఉంటుందేమోనని ఆగిపోతున్నాను. పెద్దవాళ్ళు చెప్పండి.

---

ఉద్దానం అప్ప

తమ్ముడూ, ద్రోహం అన్న మాట ఎందుకు వాడావు? ఆరు నెలలకి సరిపడా డబ్బు చేతిలో పెట్టుకో, ముందు ఎవరి చెరువులోనైనా ఒక పంట కాలం కూలికి చెయ్యి, నష్టం ఎలా వస్తుందో కళ్ళారా చూడు. వంట నీ చేతిలోంచి ఎవడు లాక్కుంటాడు?

---

టైపు ఇన్‌స్టిట్యూట్ (విజయనగరం)

కొంచెం ఆలస్యంగా చూశాను. నేను మూడో షిఫ్టు గారి కోసం రాస్తున్నాను.

నాది ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్. లోయరు, హయ్యరు. లోయరుకి నిమిషానికి 30 మాటలు, హయ్యరుకి 45. పొద్దున ఆరు గంటల బ్యాచికి పిల్లలు చన్నీళ్ళు పోసుకుని వచ్చేవారు, పన్నెండు మిషన్లు ఒక్కసారి మొదలైతే వీధంతా వినబడేది. కంప్యూటర్లు వచ్చాక బ్యాచిలు తగ్గిపోయాయి, మిషన్లు తూకానికి అమ్మేశాను. ఒక్కటి ఉంచుకున్నాను. ఇప్పుడు అదే గదిలో ఆన్‌లైన్ సెంటరు. పీఎఫ్ క్లెయిములు, సర్టిఫికెట్లు, అప్లికేషన్లు నింపుతాను. తప్పు అక్షరం పడితే కాగితం మొత్తం మళ్ళీ కొట్టాల్సిన రోజుల్లోంచి వచ్చాను కాబట్టి, ఎవరి పేరైనా ఆధార్‌తో ఒక్కో అక్షరం సరిచూడకుండా బటన్ నొక్కను. పీఎఫ్ ఆగిపోయే కేసుల్లో పేరు తేడా, పుట్టిన తేదీ తేడా చాలా చూస్తుంటాను.

బాబూ, మీది పదిహేడేళ్ళ సర్వీసు అన్నారు. మూడు విషయాలు విడివిడిగా చూడాలి.

పీఎఫ్ సొమ్ము ఒకటి. పింఛను ఇంకొకటి: పదేళ్ళకి తగ్గకుండా సర్వీసు ఉండి, పింఛను వాటా వెనక్కి తీసేసుకోకపోతే, 58 నిండాక నెలనెలా వస్తుంది. మిల్లు మూసేశారు కదా అని అది పోదు. చాలామంది దీన్ని అడగరు.

మూడోది గ్రాట్యుటీ, మీరు మిల్లులో చేసినప్పుడు ఉన్నది 1972 నాటి చట్టం. ఐదేళ్ళు నిండినవాళ్ళకి ఏడాదికి పదిహేను రోజుల జీతం. ఆఖరున తీసుకున్న నెల జీతాన్ని, అంటే బేసిక్, డీఏ కలిపి, 26తో భాగించి, 15తో హెచ్చవేసి, ఏళ్ళతో హెచ్చవేస్తారు. మీ ఆఖరు జీతం 7,800 అనుకుందాం. రోజుకి 300. పదిహేను రోజులకి 4,500. పదిహేడేళ్ళకి 76,500. ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గర అర్జీ పెట్టాలి. దానికి గడువుంది, దాటిపోతే ఎందుకు ఆలస్యమైందో రాసి అడగాలి, కారణం సబబుగా ఉంటే తీసుకునే వీలుంది. పని చేసినట్టు రుజువు ఏదైనా కావాలి. జీతం చీటీ, ఈఎస్ఐ కార్డు, గేటు పాసు, ఏదైనా సరే.

మీ దగ్గర నేను డబ్బు తీసుకోను. ఆ పన్నెండు మిషన్ల మీద నేర్చుకున్న పిల్లల ఫీజుతోనే మా ఇల్లు నడిచింది, వాళ్ళలో మిల్లు కార్మికుల పిల్లలు ఎంతమందో.

---

మూడో షిఫ్టు

సార్, ఈ 26తో భాగించడం నాకు ఎవరూ చెప్పలేదు. మేము ముప్పైతో వేసుకుని తక్కువ అనుకున్నాం. మా యూనియన్ లీడరు కాలం చేశాక అడిగేవాళ్ళు లేకపోయారు. నాకు వచ్చే మార్చికి 58 నిండుతాయి.

ఇంకొకటి చెప్పాలి. నిన్న రాసినప్పుడు కోపంలో ఉన్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. మా షిఫ్టులో నలుగురం ఉండేవాళ్ళం. రాత్రి రెండింటికి టీ. ఒకడు బెల్లం తెచ్చేవాడు, ధూళి గొంతులోంచి దిగుతుందని. నాకు జ్వరం వచ్చినప్పుడు పక్క మగ్గం వాడు రెండు మగ్గాలూ చూసుకున్నాడు, మేస్త్రీకి తెలియకుండా. ఇప్పుడు వాళ్ళలో ఇద్దరు లేరు. ఒకడు చెన్నైలో వాచ్‌మన్. వాడికి ఇవాళ ఫోన్ చేశాను. ఇద్దరికీ చెవులు సరిగా లేవు, గట్టిగా అరుచుకున్నాం. ఇంట్లో వాళ్ళు కొట్టుకుంటున్నామనుకున్నారు. గ్రాట్యుటీ సంగతి వాడికీ చెప్పాను.

మిల్లుకి నేను థాంక్స్ చెప్పను. ఆ ముగ్గురికి చెప్తాను.

---

ఉద్దానం అప్ప

అన్నయ్యా, చెవి పరీక్ష కూడా చేయించు. చప్పుడు వల్ల చెవి పోవడం చట్టంలోని పని జబ్బుల జాబితాలో ఉంది. ఈఎస్ఐ కార్డు పాతదైనా పారెయ్యకు. ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్ తీయించు, ఆ కాగితం జాగ్రత్తగా ఉంచు.

---

కత్తెర మాస్టారు

నాలుగు రోజులుగా బడి నుంచి రాగానే ఈ థ్రెడ్డే చదువుతున్నాను. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. పొందూరు అబ్బాయి చెప్పిన చేప దవడ దగ్గర ఆపమని, మళ్ళీ చదివించుకుంది.

మిషను ఇవ్వడం లేదు. వెనక గదిలోంచి వరండాలోకి జరిపాం. బెల్టు మార్పించాను, నూనె వేశాను. ఆదివారం బడి పిల్లలవి ఆరు నిక్కర్లు, రెండు గౌన్లు తెచ్చుకుని కుట్టాను. రెండేళ్ళ తర్వాత కాలు వేస్తే మొదట పది నిమిషాలు దారం తెగుతూనే ఉంది. లాగలేదు, పొందూరు అబ్బాయి మాట గుర్తొచ్చింది. మా అబ్బాయి వచ్చి పక్కన కూర్చుని గుండీలు అందించాడు.

---

మూడో షిఫ్టు

టైపు సార్‌కి, మాస్టారికి. రుజువు కోసం ఇల్లంతా వెతికాం. జీతం చీటీలు చెద తినేసింది, నాలుగైదు మిగిలాయి. ఈఎస్ఐ కార్డు దొరికింది. బియ్యం డబ్బా వెనక ఇత్తడి బిళ్ళ ఒకటి దొరికింది, గేటు దగ్గర ఇచ్చి లోపలికి వెళ్ళే హాజరు బిళ్ళ. ఆఖరి రోజు గేటు మూసి ఉంది కదా, ఇవ్వలేదు, జేబులోనే ఇంటికి వచ్చేసింది. నల్లగా అయిపోయింది. మా ఆవిడ చింతపండు పెట్టి తోమితే నంబరు తేలింది.

ఆదివారం అన్నీ తెస్తాను, బిళ్ళ కూడా. దానికి బొట్టు మాత్రం పెట్టలేదు మాస్టారూ.

---

కత్తెర మాస్టారు

పెట్టక్కర్లేదండి. నేనూ వస్తాను. ఆదివారం పది గంటలకి ఆర్టీసీ కాంప్లెక్స్ బయట ఉంటాను. మీ ఆటోలోనే టైపు సార్ దగ్గరికి వెళ్దాం. కుడి పక్కన కూర్చుంటాను, మీ మంచి చెవి వైపు.